లీలమ్మ పేరు మీద వచ్చిన మిషను

ఆలేరు స్టేషన్ నుంచి బజారుకు పోయే తొవ్వల, బియ్యం గిర్నీ పక్కన ఒక రేకుల గది ఉండేది. పంతొమ్మిది వందల అరవై ఏడుల ఆడపిల్లల బడికి టీచరుగా వచ్చినప్పటి నుంచి నా రవికెలు అక్కడనే కుట్టించుకున్న. కుట్టేది లీలమ్మ. సన్నటి మనిషి, మాట కటువు. కొలతలు తీసేటప్పుడు తప్ప ఎవరి మొఖం దిక్కు చూడదు.

"గామెతోని జర పైలం టీచరమ్మా. పగ పట్టిందంటె ఏండ్లు గడిచినా విడువది" అని గిర్నీల పనిచేసే బిక్షమ్మ నాకు మొదటి రోజే చెప్పింది. ఎవరి మీద పగ, ఎందుకు అని నేను అడగలేదు. తర్వాత తర్వాత లీలమ్మనే చెప్పింది, మిషను తొక్కుకుంట, కొంచెం కొంచెం. నేను విన్నది, ఒకరోజు నా కండ్ల ముందర జరిగింది, రెండూ కలిపి రాస్తున్న.

లీలమ్మది బోడబండ. ఆలేరుకు ఆరు మైళ్లు. ఎర్ర చెలుకలు, రాళ్లగుట్టలు, వాన పడితే జొన్న, లేకుంటే అదీ లేదు. వాళ్లు మాలవాడల క్రైస్తవులు. చిన్నప్పుడు చర్చి వాళ్ల బడిల మూడు తరగతులు చదివింది. ఆ తర్వాత తండ్రి కూలికి తోలిండు. పద్దెనిమిదేండ్లకు ఇస్రాయేలుతోని పెండ్లయింది. అతను బావులు తవ్వే పనికి పోయెటోడు. యాభై తొమ్మిదిల ఒక బావిల రాయి పేల్చబోతే మందు ముందుగాలనే పేలి అక్కడికక్కడ పోయిండు. అప్పటికి లీలమ్మకు ఇరవై ఆరేండ్లు. పిల్లలు లేరు. ఇంట్ల అత్త సత్తమ్మ ఒక్కతే, ఆమెకు కూడా చూపు సగం పోయింది.

లీలమ్మ చేతుల ఒక సూది ఉండేది. వాడల ఆడోళ్ల రవికెలు చినిగితే అతుకు వేసేది, పాత చీర చింపి పిల్లలకు గౌన్లు కుట్టేది. ఆమెకు ఎవరూ నేర్పలేదు. చర్చికి వచ్చే దొరసాని వెనక బెంచీల కూచుండి, ఆమె గౌను కుట్లు చూసి చూసి నేర్చుకున్నదట.

అరవై ఒకటిల సమితి ఆఫీసు నుంచి అండాలు అనే గ్రామసేవిక బోడబండకు వచ్చింది. వాడల ఒక చంటిపిల్ల వేసుకున్న గౌను పట్టుకుని తిప్పి చూసింది.

"ఇది మిషను మీద కుట్టింది కాదా?" అని అడిగింది.

"కాదమ్మా, చేతి సూదే" అన్నది లీలమ్మ.

అండాలు ఆమెను పక్కకు కూచుండబెట్టుకుని చెప్పింది. "సర్కారు కొత్త స్కీము పెట్టింది లీలమ్మా. పేదింటి ఆడోళ్లకు తొమ్మిది నెలలు కుట్టుపని నేర్పుతరు. ఉండనీకె జాగా ఇస్తరు. నెలకు పాతిక రూపాయల వజీఫా ఇస్తరు. నేర్చుకుని వచ్చేటప్పుడు చేతిమిషను కూడా ఇచ్చి పంపుతరు."

"వజీఫా అంటే అప్పా అమ్మా?"

"అప్పు కాదు. నేర్చుకునే రోజులల్ల నీ కూలి పోతది గద, దాని బదులు ఇచ్చేది. తిరిగి కట్టేది లేదు. కని ఒక్క మనిషికి ఒక్కసారే."

దరఖాస్తు అండాలే నింపింది. వేలిముద్ర కోసం సిరా డబ్బా తీస్తుంటే లీలమ్మ కలం అడిగి తీసుకుని, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంట 'లీలమ్మ' అని దస్కత్ పెట్టింది. అండాలు నవ్వి, "ఇంకేం, నీకు సీటు వచ్చినట్టే" అన్నది. మిగిలింది ఒక్కటే. ఈమె ఈ ఊరి మనిషి, భూమి లేదు, ఆదాయం లేదు అని పట్వారీ కాగితం ఇయ్యాలె.

పట్వారీని ఊరంత పంతులు అనే పిలిచేది. లెక్కలు, పహాణీలు, మనుషుల బతుకులు అన్నీ ఆయన పెట్టెలనే ఉండేవి. లీలమ్మ పోయి అరుగు కింద నిలబడ్డది. పంతులు దరఖాస్తు తిప్పి తిప్పి చూసిండు.

"కుట్టుపని నేర్చుకుంటవా? మరి మా కొట్టం ఎవలు ఊడుస్తరే? వాకిలి అలుకుడు ఉన్నది, వడ్లు దంచుడు ఉన్నది. అయిపోనీ, ఇస్త."

ఇరవై రోజులు లీలమ్మ ఆ ఇంట్ల పైస కూలి లేకుండ చేసింది. ఇరవై ఒకటో రోజు పంతులు కాగితం రాసి, దరఖాస్తుతో కలిపి తన పెట్టెలనే పెట్టుకున్నడు. "నువ్వు పోయి ఇస్తే ఆఫీసుల ఎవడు తీసుకుంటడు? నేనే పంపుత" అన్నడు. లీలమ్మ దండం పెట్టి వచ్చింది. "గా దండం పెట్టిన చేతులు ఇప్పటికీ మండుతయి టీచరమ్మా" అన్నది నాతోని.

రెండు నెలలు చూసింది. జవాబు లేదు. అడగబోతే పంతులు, "సర్కారుకు నీ మొఖం నచ్చలేదే లీలీ" అని నవ్విండు. ఆ రోజులల్లనే పంతులు చెల్లె సుగుణమ్మ ఊర్ల కనపడకుంట అయింది. పంతొమ్మిదేండ్లకే మొగుడు చచ్చి అన్న పంచన బతుకుతున్న మనిషి. పాలమూరు దిక్కు చుట్టాల ఇంటికి పోయిందని చెప్పుకున్నరు. ఎవరికీ అనుమానం రాలే. అండాలుకు కూడా ఇంకో సమితికి బదిలీ అయింది.

లీలమ్మ మళ్ల కూలికి పోయింది. ఆ ఏడు కరువు. అత్తకోడండ్లు గంజి తాగిన దినాలు ఎన్నో.

మల్ల ఏడు ఎండకాలం పంతులు కబురు పెట్టిండు. "మా చెల్లె రైలుకు వస్తున్నది. సామాను ఉన్నది. ఆలేరుకు పోయి మోసుకు రా." బండి ఎడ్లకు గాలికుంటు సోకిందట. లీలమ్మ పొద్దున్నే పోయింది. రైలు దిగి సుగుణమ్మ ఒక మాట మాట్లాడలేదు, తల ఎత్తలేదు. కూలోడు ఒక చెక్కపెట్టె దించి లీలమ్మ తలమీద చుట్టబట్ట మీద పెట్టిండు. బరువు మెడల దిగబడ్డది.

ఆరు మైళ్లు. ఎండ నెత్తిమీదికి వచ్చింది. సగం తొవ్వల ఒక తుమ్మచెట్టు నీడకు సుగుణమ్మ ఆగింది. లీలమ్మ పెట్టె దించుకుని, చెమట తుడుచుకుంటుంటే పెట్టె పక్కన బంక పెట్టి అంటించిన కాగితం కనపడ్డది. నల్లసిరా రాత. చదివింది.

'కుట్టుమిషను ఒకటి. లీలమ్మ, భర్త కీ.శే. ఇస్రాయేలు, బోడబండ.'

మొదలు అర్థం కాలేదట. రెండోసారి చదివింది, మూడోసారి వేలు పెట్టి చదివింది. తర్వాత తల ఎత్తి సుగుణమ్మను చూసింది. ఆమె మొఖానికి కొంగు అడ్డం పెట్టుకున్నది.

"నా మొగని పేరు నీకెందుకమ్మా?" అని అడిగింది లీలమ్మ.

సుగుణమ్మ గబగబ ముందుకు నడిచింది.

"అక్కడ రాళ్లకేం కరువు లేదు టీచరమ్మా. ఒక్క బండ ఎత్తి మిషను మీద వేస్తే నుగ్గునుగ్గు అయిపోతుండె. కని నాది నేనెందుకు పలగ్గొట్టుకుంట? మల్ల ఎత్తుకున్న. పంతులు ఇంట్ల దించిన. దించేటప్పుడు గా కాగితం గోరుతోని మెల్లగ ఊడపీకి రవికెల పెట్టుకున్న. గప్పుడే అనుకున్న, ఈయన్ని ఊరికె విడువనని."

రెండు రోజులకు సమితి ఆఫీసుకు పోయింది. గుమాస్తా రిజిస్టరు తీసి వేలు పెట్టి చూపిచ్చిండు. "లీలమ్మ, బోడబండ. తొమ్మిది నెలలు వజీఫా ముట్టింది, మిషను ముట్టింది. ఇంకేం కావాలె? ఒక్కసారి తీసుకున్నోళ్లకు మల్ల ఇయ్యరు."

"నేనే లీలమ్మనయ్యా!"

"మరి ముట్టింది గద!" అని గుమాస్తా రిజిస్టరు మూసిండు.

సర్కారు లెక్కల ఆమె పని నేర్చుకున్నది, పైసలు తీసుకున్నది, ఇంటికి పోయి సుఖంగ ఉన్నది. కని రిజిస్టరు మూసేలోపల లీలమ్మ ఒకటి చూసింది. ఆమె పేరు ఎదురుంగ తొమ్మిది నెలలకు తొమ్మిది వేలిముద్రలు ఉన్నయి. దస్కత్ ఒక్కటి లేదు.

అండాలు ఎక్కడున్నదో అడుక్కుంట, నడుచుకుంట పోయి కలిసింది. అండాలు విని భయపడ్డది. అయినా చెప్పింది. "నీ దరఖాస్తు ఫైలుల ఉంటది. దాని మీద నువ్వు పెట్టిన దస్కత్ ఉన్నది. కలెక్టరుకు రాయి. నా పేరు అడిగితే వచ్చి చెప్త."

లీలమ్మ మూడు రోజులు కూచుండి అర్జీ రాసి టపాల వేసింది. నెలకు ఆ అర్జీ తిరిగి తిరిగి రిపోర్టు కోసం పంతులు చేతికే వచ్చింది. పంతులు ఆమెను పిలిపిచ్చి, ఆ కాగితం చూపిచ్చుకుంట ముక్కలు చేసిండు.

"రాయనీకె కూడా వస్తదే నీకు?"

ఆ దినం నుంచి ఊర్ల ఎవరి చేన్లకు లీలమ్మను పిలవద్దని చెప్పిండు. వాడల పెద్దోళ్లు కూడా "పంతులుతోని మనకు పెట్టుకునుడెందుకు" అన్నరు. సత్తమ్మ ఏడ్చింది.

"పోనీయి బిడ్డా. మిషను లేకుంటే బతుకుతలేమా?"

"మిషను కోసం కాదత్తా. నీ కొడుకు పేరు మీద పరాయోళ్లు తిన్నరు. గది నేను పోనియ్య" అన్నది లీలమ్మ.

ఈసారి టపాల వేయలేదు. రాళ్లు కొట్టే పనికి పోయి బస్సు కిరాయి కూడబెట్టుకుని నల్లగొండకు పోయింది. రెండు రోజులు కచ్చేరి వరండల కూచుండి, కలెక్టరు కారు దిగుతుంటే ఎదురు పోయి అర్జీ చేతుల పెట్టింది. ఆ అర్జీ ఆమెకు కంఠస్తం. నాకు అప్పజెప్పింది.

'అయ్యా, సర్కారు కాగితాల ప్రకారం ఇస్రాయేలు భార్య లీలమ్మ మా ఊరి పట్వారీ ఇంట్ల ఉన్నది. ఆమెనే నిజమైన లీలమ్మ అయితే ఆమె మాలవాడ కోడలు. ఆమె అత్త సత్తమ్మకు చూపు లేదు, వండిపెట్టే దిక్కు లేదు. కాబట్టి ఆమెను ఆమె ఇంటికి పంపించగలరు. నేను లీలమ్మను కానట్టయితే నేను ఎవరినో కూడా సర్కారు చెప్పగలరు.'

మిషను కావాలె అని ఒక్క మాట రాయలేదు.

"గట్ల రాయాలని నీకెట్ల తోచింది?" అని అడిగిన.

"రాళ్లు కొట్టుకుంట ఆలోచన చేసిన. మిషను అడిగితే మిషను ఇచ్చి ఊకుంటడు. గాయనకు నొప్పి తగిలే జాగా ఎక్కడున్నదో ఎతికిన. ఇంటి గౌరవంల ఉన్నది."

అరవై మూడు వానకాలంల విచారణకు ఒక పెద్దాఫీసరు బోడబండ చావడికి వచ్చిండు. ఊరంత కూడింది. వాడోళ్లు దూరం నిలబడ్డరు. పంతులు కొత్త ధోవతి కట్టుకుని, ముందే మాట తయారు పెట్టుకున్నడు.

"హుజూర్, ఈమె నేర్చుకున్నది నిజం, మిషను తెచ్చుకున్నది నిజం. పైసలకు కష్టమయి మాకే అమ్ముకున్నది. ఇప్పుడు మల్ల కావాలని నాటకం ఆడుతున్నది."

ఊరోళ్లు తలలు ఊపిండ్రు. ఆఫీసరు లీలమ్మకు తెల్లకాగితం ఇచ్చి పేరు రాయమన్నడు. రాసింది. దరఖాస్తు మీది దస్కత్ పక్కన పెట్టి చూసిండు. తర్వాత రిజిస్టరు తెరిచిండు.

"దస్కత్ వచ్చిన మనిషి తొమ్మిది నెలలు వేలిముద్ర ఎందుకు వేసింది పట్వారీ?"

పంతులు ఏదో చెప్పబోయిండు. ఆఫీసరు వెంబడి కుట్టుపని నేర్పే పంతులమ్మ సైదమ్మ వచ్చింది. "నీ దగ్గర నేర్చుకున్న లీలమ్మ ఈమెనేనా?" అని అడిగితే ఆమె తల అడ్డం ఊపింది. "ఈమెను నేను ఎన్నడూ చూడలేదు సార్. ఆమె తెల్లగ ఉంటది, ఎవరితోని కలవకపోయేది."

"మీ ఇంట్ల ఆడోళ్లను పిలువు" అన్నడు ఆఫీసరు పంతులుతోని.

పంతులు ధోవతి అంచు సర్దుకుంట నిలబడ్డడు. ఆఫీసరు జవానును పంపిచ్చిండు. సుగుణమ్మ వచ్చి చావడి మెట్టు కాడ ఆగింది. సైదమ్మ చూడంగనే, "ఈమెనే. లీలమ్మ" అన్నది.

చావడిల గుసగుస లేచింది. ఆఫీసరు రిజిస్టరు చూసి చదివిండు. "లీలమ్మ, భర్త ఇస్రాయేలు, కులం మాల క్రైస్తవులు. అమ్మా, నీ పేరు ఇదేనా?"

సుగుణమ్మ అన్న దిక్కు చూసింది. పంతులు కండ్లతోని ఏదో చెప్తున్నడు. అవునంటే ఆమె మాలవాడ కోడలు. కాదంటే అన్న జైలుకు పోతడు. ఆ గడియ కోసమే లీలమ్మ ఏడాది కాచుకున్నది. రెండడుగులు ముందుకు వేసి గట్టిగ, ఊరంత వినేటట్టు అన్నది.

"చెప్పమ్మా. నువ్వు లీలమ్మవైతే నడువు మా ఇంటికి. మా అత్త ఆకలితోని ఉన్నది. గంజి కాచి పెట్టు. ఇస్రాయేలు సమాధి ఎక్కడున్నదో కూడా చూపిస్త. పంతులూ, నీ చెల్లెను మా వాడకు తోలు, మేము అరుగు కింద నిలబెట్టం, ఇంట్లనే కూచోబెట్టుకుంటం!"

వాడ దిక్కు నుంచి ఎవరో నవ్విండ్రు. తర్వాత అందరూ నవ్విండ్రు. పంతులు, "నోర్మూయే!" అని అరిచిండు.

సుగుణమ్మ మెట్టు మీదనే కూలబడ్డది. "నేను సుగుణమ్మను. మా అన్ననే పంపిండు. నాకు రాత వస్తది సార్, సంతకం వస్తది. మాలామె సంతకం పెడితే ఎవరూ నమ్మరు, వేలిముద్రే వెయ్యి అన్నడు మా అన్న" అని చెప్పింది.

పంతులు పట్వారిగిరి ఆ నెలనే పోయింది. కేసు నడిచింది, జుర్మానా పడ్డది, జైలు తప్పింది. మిషను సాక్ష్యం కింద జప్తు చేసి కచ్చేరి గోదాముల పడేసిండ్రు. అక్కడనే తుప్పు పట్టింది. సర్కారు పాత లెక్క కొట్టేసి, లీలమ్మకు కొత్తగ సీటు ఇచ్చింది, అరవై నాలుగుల. తొమ్మిది నెలలు, నెలనెలా వజీఫా తీసుకుని తన చేతితోని దస్కత్ పెట్టింది. కాగితం చినిగేటట్టు ఒత్తి రాసేదట. ఆమెకు ఇచ్చిన చేతిమిషనుతోనే ఆలేరుల గది కిరాయికి పట్టింది. తర్వాత కాలిమిషను కొన్నది. సత్తమ్మ కూడా పోయేదాక అక్కడనే ఉన్నది.

సుగుణమ్మ సంగతి కూడా అడిగిన. విచారణ అయిన తెల్లారి అన్న ఆమెను ఇంట్లకు రానియ్యలేదట. మూట పట్టుకుని వాడ అంచుకు వచ్చి నిలబడ్డదట. "నా చేతుల ఏమీ లేకుండె లీలమ్మా, నన్ను మాఫ్ చెయ్యి" అన్నదట.

"నేనేమన్ననో చెప్పాల్నా? తొమ్మిది నెలలు నా పేరు మీద అన్నం తిన్నవు, గా తొమ్మిది నెలలు నేను గంజి తాగిన, పో అన్న. పోయింది. షాద్‌నగర్ల బట్టలు కుట్టుకుని బతుకుతాందట. నేర్చుకున్న పని గద, ఎక్కడ పోతది. గామె ఏడిస్తే నాకు జాలి రాలె టీచరమ్మా. అబద్ధం ఎందుకు చెప్పాలె."

నేను తల దించుకున్న. ఆమె కూడా పాపం, వాళ్ల అన్న చేసిన అన్యాయానికి చిక్కిన మనిషే కదా అని నోటిదాక వచ్చింది గని అనలేకపోయిన. గంజి తాగింది నేను కాదు.

అరవై ఎనిమిది దసరాకు ముందు నేను కొలతలు ఇస్తుంటే ఒక ముసలాయన గది ముందర వచ్చి నిలబడ్డడు. వెంబడి బోడబండ సర్పంచు దశరథ. లీలమ్మ మొఖం చూసి నాకు అర్థమయింది, ఆయనే పంతులని.

"లీలమ్మా" అన్నడు. ఆ నోట 'లీలీ' అనుడు పోయింది. "నా కొడుకు పెద్దోడయిండు. పట్వారిగిరి వాని పేరు మీదికి అడుగుతున్నం. పాత కేసు అడ్డమయితున్నది. నువ్వొక రాజీ కాగితం ఇస్తే పనయితది."

దశరథ అందుకున్నడు. "అయిపోయింది గద చెల్లే. ముసలోడు. ఊరోళ్లంత నిన్ను మంచిగ అనుకుంటరు."

లీలమ్మ చెయ్యి చాపి, వాళ్లు ముందే రాసి తెచ్చిన కాగితం తీసుకున్నది. బజార్ల పోయెటోళ్లు ఆగి చూస్తుంటే ఒక్కొక్క మాట పైకే చదివింది. 'తెలియనితనంతో ఫిర్యాదు చేసితిని. పట్వారీ గారి తప్పు ఏమియు లేదు.' చదివినంక కాగితాన్ని బల్ల మీద పరిచింది. పక్కన ఉన్న నా పాత రవికె చెయ్యి దాని మీద పెట్టి, సుద్దముక్కతోని చుట్టూ గీసి, కత్తెర తీసుకున్నది. అచ్చు రవికె చెయ్యి ఆకారంల కాగితం కత్తిరించుడు అయ్యేదాక ఎవరూ కదలలేదు.

"మంచి మందం కాగితం పంతులూ. కొలతకు ముక్క పెట్టుకుంట. దస్కత్ అంటవా, నీ ఇంట్లనే ఒక లీలమ్మ ఉండె గద, గామెను అడుగు."

పంతులు దశరథ చెయ్యి పట్టుకుని పోయిండు. "సంతోషమయిందా?" అని అడిగిన.

"అయింది. మస్తు అయింది" అన్నది, దారం ఎక్కిచ్చుకుంట.

కొడుక్కు ఆ పని రాలేదు. మల్ల ఏడు పంతులు బోడబండల ఇల్లు, భూమి అమ్ముకుని పట్నంల ఉంటున్న కొడుకు దగ్గరికి పోయిండు. సామాన్ల బండి ఆలేరు బజార్ల నుంచి స్టేషనుకు పోతుంటే బిక్షమ్మ ఉరికొచ్చి చెప్పింది. లీలమ్మ చేతిల పని పక్కకు పెట్టి, స్టూలు బయట వేసుకుని కూచున్నది. పండుగ ముందర దినాలు, గది నిండ కుట్టాల్సిన బట్టలు ఉన్నయి. రైలు కూత పెట్టి కదిలి, చివరి డబ్బా సిగ్నలు దాటేదాక చూసింది. తర్వాత కూడా ఆమె లేవలేదు. ఆ పూట ఒక్క కుట్టు కూడా కుట్టలేదు.